పెన్సిల్ రాత ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మాది చిత్తూరు. నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు భజన మండలిలో పాడేవారు. ఆయన చేత్తో రాసుకున్న పాటల నోట్‌బుక్కులు మూడు, ఇంటి పాత ఫోటోలు, ఆయన గురించి పత్రికలో వచ్చిన ఒక కత్తిరింపు, మా ముత్తాతగారి కాలంనాటి భాగపరిష్కార (ఆస్తి పంపకాల) పత్రం నా దగ్గర ఉన్నాయి. వీటన్నిటినీ భద్రపరచాలని మా అబ్బాయి ఒక పల్చటి స్కానర్ కొనిచ్చాడు. ఆటోలో పెడితే పేజీలు బూడిద రంగులో వస్తున్నాయి. బ్లాక్ అండ్ వైట్‌లో పెడితే తెల్లగా, శుభ్రంగా వచ్చాయి గానీ, పాటల పైన నాన్నగారు పెన్సిల్‌తో రాసుకున్న రాగాల పేర్లు కనిపించడం లేదు, కొన్ని అక్షరాలు పూడుకుపోయాయి. పత్రికలోని బొమ్మ మీద అలల్లాంటి చారలు, మా పెళ్లి ఫోటో మీద తెల్లటి చుక్కలు వస్తున్నాయి. డీపీఐ 4800 వరకు ఉందట. ఏది ఎంత పెట్టాలో, ఏ మోడ్ వాడాలో దయచేసి చెప్పగలరా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట, పెన్సిల్‌తో రాసిన రాగాల పేర్లు కనిపించడం లేదన్నది. చాలామంది ఆ సంగతి గమనించకుండానే మూడు నోట్‌బుక్కులూ పూర్తిచేసి, తెల్లగా వచ్చిందని సంతోషపడి, అసలు పుస్తకాలను అటక మీదికి చేర్చేస్తారు. మీరు మధ్యలోనే ఆగి అడిగారు కాబట్టి ఇంకా పోయిందేమీ లేదు.

స్కానర్ ప్రోగ్రామ్‌లో కనిపించే మీటలన్నీ రెండు రకాలు. కాగితం మీద ఉన్నదాన్ని ఎంత వివరంగా తీసుకోవాలో చెప్పేవి కొన్ని, తీసుకున్నదాన్ని కంటికి ఇంపుగా మార్చేవి కొన్ని. మోడ్, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు), బిట్ల లెక్క (ఒక్కో చుక్కను ఎన్ని మెట్లలో కొలవాలి) మొదటి రకం. వాటిని స్కాన్ చేసేటప్పుడే సరిగ్గా పెట్టాలి, ఎందుకంటే అప్పుడు తీసుకోనిదాన్ని తర్వాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కాంట్రాస్ట్ పెంచడం, మరకలు తీసేయడం, అక్షరాలకు పదును పెట్టడం రెండో రకం. అవి నకలు మీద, తీరిక ఉన్నప్పుడు చేసుకోవలసిన పనులు. మీకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు రెండో రకం పనిని మొదటే ముగించేయబోవడం వల్ల వచ్చినవే.

బ్లాక్ అండ్ వైట్ మోడ్ ఏం చేస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. స్కానర్ కాగితాన్ని సన్నటి చుక్కలుగా విడదీసి, ఒక్కో చుక్క నుంచి ఎంత వెలుతురు తిరిగి వచ్చిందో కొలుస్తుంది. గ్రేస్కేల్‌లో ఆ కొలతను 0 నుంచి 255 వరకు, అంటే పూర్తి నలుపు నుంచి పూర్తి తెలుపు వరకు 256 మెట్లలో రాసుకుంటుంది. కలర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా అలాంటి కొలతే తీసుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం మధ్యలో ఒక హద్దు గీసి, దానికి ఇవతలిదంతా నలుపు, అవతలిదంతా తెలుపు అని తీర్పు చెప్పి కొలతల్ని పారేస్తుంది. ఆ హద్దునే త్రెషోల్డ్ అంటారు, అది మామూలుగా 128 దగ్గర ఉంటుంది. మీ నాన్నగారి సిరా 60 దగ్గర, పాతబడిన కాగితం 200 దగ్గర, పెన్సిల్ గీత 155 దగ్గర ఉన్నాయనుకోండి. హద్దు 128 దగ్గర ఉన్నప్పుడు పెన్సిల్ గీత కాగితం పక్షాన చేరి తెల్లబడిపోతుంది. పోనీ హద్దును 170కి జరిపితే పెన్సిల్ నిలబడుతుంది గానీ, మడతల నీడలు, వేలిముద్రలు, మరకలు కూడా నల్లబడతాయి, సిరా అక్షరాల అంచులు లావెక్కి లోపలి సందులు మూసుకుపోతాయి. మీ పేజీల్లో పెన్సిల్ మాయమవడం, అక్షరాలు పూడుకుపోవడం ఒకే కారణం వల్ల వచ్చినవే. ఒకదాన్ని సరిచేయబోతే రెండోది ముదురుతుంది.

ఈ మోడ్ మన లిపికి ప్రత్యేకంగా పడదు. తెలుగు అక్షరాల్లో చాలా జంటలకు తేడా ఒక చిన్న సందులోనో, ఒక చిన్న గీతలోనో ఉంటుంది. ‘ప’ పైభాగంలో ఉన్న సందు పూడిపోతే చూసేవాళ్లు ‘వ’ అనుకుంటారు. పాటలో ‘పాడు’ కాస్తా ‘వాడు’ అయిపోతుంది. ‘ఫ’ కింద గీత సన్నగా ఉండి తెల్లబడిపోతే ఫలము పలమవుతుంది. ద, ధ, బ, భ, డ, ఢ జంటలదీ ఇదే తంతు. పాత పత్రాల్లో తెలుగు అంకెలుంటే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ‘౧’ అడుగున ఉన్న సందు మూసుకుపోతే అది ‘౦’ లాగే ఉంటుంది. తిరుపతి బాలాజీ కాలనీలో డీటీపీ పని మొదలుపెట్టిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక పెద్దాయన తెచ్చిన కీర్తనల చేతిరాత పుస్తకాన్ని 200 డీపీఐలో, బ్లాక్ అండ్ వైట్‌లో, ఫైలు చిన్నదవుతుందని మురిసిపోతూ స్కాన్ చేసి ఇచ్చాను. రెండు వానాకాలాల తర్వాత అసలు పుస్తకం చెదల పాలైంది. ఆయన మళ్లీ వచ్చి కొన్ని చరణాల్లో అక్షరం ఏదో తేల్చమని అడిగినప్పుడు నా దగ్గరున్న ఫైలులో తేల్చడానికి ఏమీ మిగల్లేదు.

అందువల్ల నోట్‌బుక్కులకు బ్లాక్ అండ్ వైట్ వద్దు. గ్రేస్కేల్ సరిపోదా అని మీరు అడగవచ్చు. నల్ల సిరా, తెల్ల కాగితం, ఇంకేమీ లేదంటే సరిపోతుంది. భజన పుస్తకాలు అలా ఉండవు కదా. పూజలో ముందర పెట్టుకుని పాడిన పుస్తకానికి అంచుల్లో పసుపు, మధ్యలో కుంకుమ, ఎక్కడో ఒక నూనె చుక్క తప్పవు. అలాంటి పేజీని 24 బిట్ల కలర్‌లో, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లుండే మామూలు కలర్‌లో స్కాన్ చేస్తే, తర్వాత ఒక చక్కటి వెసులుబాటు దొరుకుతుంది. పసుపు మరక నీలం కాంతిని మింగేస్తుంది గానీ, ఎరుపు కాంతిని దాదాపు కాగితంలాగే తిప్పి పంపుతుంది. కుంకుమ కూడా ఎరుపును తిప్పి పంపుతుంది. నీలం సిరా మాత్రం ఎరుపును మింగేస్తుంది. కాబట్టి కలర్ ఫైలు నుంచి ఎరుపు పొరను ఒక్కదాన్నే విడదీసి చూస్తే, మరకలు చాలావరకు వెలిసిపోయి, నీలం రాత ముదురుగా నిలబడుతుంది; నల్ల సిరా, పెన్సిల్ కూడా ఆ పొరలో నిలుస్తాయి. గింప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రంగుల పొరల్ని విడదీసే సదుపాయం ఉంది. ఇదే పేజీని నీలం పొరలో చూస్తే పసుపు మరక నల్లటి మచ్చలా కనిపిస్తుంది. గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి ఉంటే మూడు పొరలూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఈ వెసులుబాటు పోతుంది. ఒక్క హెచ్చరిక: నాన్నగారు పల్లవి, చరణం అనే మాటలను ఎర్ర సిరాతో రాసి ఉంటే, ఎరుపు పొరలో అవి కూడా కుంకుమతో పాటే వెలిసిపోతాయి. మూలం కలర్‌లోనే దాచి, విడదీసిన పొరను చదువుకునే నకలుగా మాత్రమే ఉంచుకోండి.

ఇక డీపీఐ. అంగుళం పొడవులో ఎన్ని చుక్కలు కొలవాలన్నది దాని అర్థం. 300 పెడితే ఒక్కో చుక్క మిల్లీమీటరులో పన్నెండో వంతు ఉంటుంది, కాబట్టి అర మిల్లీమీటరు మందమున్న కలం గీతకు అడ్డంగా ఆరు చుక్కలు పడతాయి. చేతిరాతకు అది చాలు. సన్నటి పాళీతో రాసిన ఒత్తులు, చిన్న అచ్చు అక్షరాలు 0.2 మిల్లీమీటర్ల గీతలతో ఉంటే వాటికి 300లో రెండు చుక్కలకు మించి దక్కవు, అక్కడ 400 గానీ 600 గానీ పెట్టాలి. 4800 అన్న అంకెను చూసి ఆశపడకండి. అది యంత్రం సామర్థ్యం. మీ కాగితం మీద అంత వివరం లేదు. కొన్ని ప్రోగ్రాములు అంతకంటే పెద్ద అంకెలు కూడా చూపిస్తాయి. అవి నిజంగా కొలిచినవి కావు, కొలిచిన చుక్కల మధ్యలో లెక్కకట్టి పూడ్చినవి. ఆప్టికల్ అని రాసి ఉన్న అంకెనే నమ్మండి.

ఎక్కువ డీపీఐకి ఎంత మూల్యం చెల్లిస్తామో కూడా చూడండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు చొప్పున సుమారు 87 లక్షల చుక్కలు వస్తాయి. కుదించకుండా దాస్తే కలర్‌లో సుమారు 26 ఎంబీ, గ్రేస్కేల్‌లో 8.7 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్‌లో ఒక ఎంబీకి కొంచెం ఎక్కువ. డీపీఐని రెట్టింపు చేసి 600 చేస్తే చుక్కలు నాలుగింతలవుతాయి, కలర్ ఫైలు 104 ఎంబీకి చేరుతుంది, స్కానర్ తల కూడా నత్తనడక నడుస్తుంది. రెండు వందల పేజీల నోట్‌బుక్కును 300లో కలర్‌గా దాచినా 5 జీబీ చిల్లర మాత్రమే. నేటి పెన్ డ్రైవ్‌లో అది ఒక మూలకు సరిపోతుంది. చోటు మిగల్చడం కోసం మోడ్ తగ్గించే రోజులు ఎప్పుడో పోయాయి.

ఆటోలో పేజీలు బూడిద రంగులో వస్తున్నాయన్నారు. అందులో యంత్రం తప్పు కొంతే. పాత కాగితం నిజంగానే తెల్లగా లేదు. మన కన్ను దాన్ని తెలుపుగా సర్దుకుని చూస్తుంది, యంత్రం సర్దుకోదు. కానీ ఆటో ఇంకో పని కూడా చేస్తుంది. అద్దం మీద మీరు ఎంచుకున్న చోటంతా కలిపి లెక్క వేసుకుని, అందులో అన్నిటికంటే తెల్లనిదాన్ని తెలుపు అనుకుంటుంది. నోట్‌బుక్ పక్కన మూత లోపలి తెల్లటి భాగం కూడా ఎంపికలో పడితే, దాన్నే తెలుపు అనుకుని పేజీని బూడిదగా చూపిస్తుంది. కాబట్టి ముందుగా ప్రివ్యూ తీసి, చుక్కల గీతల పెట్టెను పేజీ అంచు లోపలికి జరపండి. ఆ ఒక్క పనితోనే మీ బూడిద రంగు సగం తగ్గవచ్చు.

మిగతా సగానికి బ్రైట్‌నెస్ మీటను తాకవద్దు. అది అన్ని చుక్కల్నీ ఒకే మోతాదులో పైకి నెడుతుంది. కాగితం తెల్లబడే వేళకు పెన్సిల్ గీత కూడా కాగితంలో కలిసిపోతుంది. స్కాన్ ప్రోగ్రామ్‌లో ప్రొఫెషనల్ మోడ్ గానీ అడ్వాన్స్‌డ్ మోడ్ గానీ తెరిస్తే హిస్టోగ్రామ్ అనే బొమ్మ కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి నలుపు మొదలుకుని తెలుపు దాకా పరిచి, ఏ మెట్టు మీద ఎన్ని చుక్కలున్నాయో ఎత్తు రూపంలో చూపే పటం అది. మన వైపు వాళ్లకు కొండల వరుస చూపించి చెప్పడం తేలిక. రాత ఉన్న పేజీకి రెండు కొండలుంటాయి: కుడివైపు పెద్దది కాగితం, ఎడమవైపు చిన్నది సిరా. ఆ రెండింటి మధ్య లోయలో, పెద్ద కొండ పాదం దగ్గర సన్నటి గుట్టలా కనిపించేదే మీ నాన్నగారి పెన్సిల్. పటం కింద రెండు చివర్లా రెండు చిన్న త్రికోణాలుంటాయి. కుడి త్రికోణాన్ని పెద్ద కొండ కుడి వాలు ముగిసే చోటికి, ఎడమ త్రికోణాన్ని చిన్న కొండ ఎడమ వాలు మొదలయ్యే చోటికి జరపండి. రెండింటిలో దేన్నీ కొండ లోపలికి తోయవద్దు. కుడి త్రికోణం పెద్ద కొండను దాటి లోయలోకి వస్తే పేజీ మల్లెపూవులా తెల్లబడుతుంది, పెన్సిల్ పోతుంది. ఇంకా చదవడానికి మబ్బుగా ఉందనిపిస్తే మధ్య త్రికోణాన్ని, అంటే గామాను, కొద్దిగా ఎడమకు జరపండి. అది రెండు చివర్లనూ కదపకుండా మధ్య మెట్లను మాత్రమే వెలిగిస్తుంది.

ఒకసారి సరిపెట్టుకున్న అమరికను ఆ నోట్‌బుక్ మొత్తానికీ అలాగే ఉంచండి. పేజీ పేజీకీ ఆటో కొత్తగా లెక్క వేసుకుంటే ఒక పేజీ తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి మసకగా వస్తాయి. అమరికను ఒక పేరుతో సేవ్ చేసుకునే వీలు చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది. అన్‌షార్ప్ మాస్క్ అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంటే తీసేయండి. అది అక్షరాల చుట్టూ తెల్లటి అంచు గీసి పదునుగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. కావాలంటే నకలుకు తర్వాత వేసుకోవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ తొలగించడం, టెక్స్ట్ మెరుగుపరచడం వంటి టిక్కులు కూడా మూలానికి వద్దు.

పల్చటి నోట్‌బుక్ కాగితాల్లో వెనకవైపు రాత ముందుకు తొంగిచూస్తుంది. మీరు రాయలేదు గానీ, కలర్‌లో పెట్టగానే అది మీకు కనిపిస్తుంది, కాబట్టి ముందే చెబుతున్నాను. కాగితాన్ని దాటి వెళ్లిన వెలుతురు మూతలోని తెలుపును తాకి తిరిగి వస్తూ దారిలో వెనకరాత నీడను మోసుకొస్తుంది. స్టేషనరీ అంగట్లో దొరికే నల్లటి చార్టు ముక్కను పేజీ వెనక పెడితే ఆ వెలుతురు అక్కడే ఆగిపోతుంది. పేజీ మొత్తం కొంచెం మసకబారుతుంది, దాన్ని హిస్టోగ్రామ్‌లో కుడి త్రికోణంతో సరిచేసుకోవచ్చు. పత్రిక కత్తిరింపుకు కూడా ఇదే ఉపాయం.

మీ స్కానర్ పల్చగా ఉందన్నారు కాబట్టి అది సీఐఎస్ రకానిదై ఉండాలి. ఆ రకంలో అద్దానికి అంటుకుని ఉన్నదే స్పష్టంగా వస్తుంది, కొద్దిగా పైకి లేచినా మసకబారుతుంది. సీసీడీ రకం లావుగా ఉంటుంది, దాంట్లో కొంచెం ఎత్తులో ఉన్నది కూడా తేటగా పడుతుంది. నోట్‌బుక్ మధ్యలో కుట్టు దగ్గర అక్షరాలు మసకగా వస్తే డీపీఐ పెంచి ప్రయోజనం లేదు. మూత తీసేసి, పుస్తకం మీద మెత్తటి గుడ్డ మడత పెట్టి, అరచేత్తో సమంగా అదమండి. పిన్నులు కొట్టిన నోట్‌బుక్ అయితే, తుప్పు పట్టిన ఆ పిన్నుల్ని జాగ్రత్తగా తీసి ఒక్కో కాగితాన్నీ విడిగా పరచడం ఉత్తమం. కుట్టు పుస్తకాన్ని మాత్రం కోయవద్దు. ఒకవేళ అదే పెట్టెలో తాళపత్రాల కట్ట కూడా బయటపడితే ఈ అద్దం మీద అసలే అదమకండి, విరుగుతాయి. తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో అలాంటివి భద్రపరచి ఉన్నాయి కాబట్టి వాటి సంగతి అక్కడివారిని అడగడం మేలు.

పత్రికలోని బొమ్మ మీద అలలు ఎందుకు వచ్చాయంటే, అచ్చులో ఫోటో అనేది నిజానికి వరుసలుగా పేర్చిన చుక్కల జల్లెడ. మీ స్కానర్ చుక్కల వరుస ఇంకో జల్లెడ. రెండు దోమతెరల్ని ఒకదాని మీద ఒకటి వేసి కొద్దిగా తిప్పి చూస్తే కనిపించే అలలే ఇవి. ప్రోగ్రామ్‌లో డీస్క్రీన్ అనే గడి ఉంటే ఈ ఒక్క బొమ్మకు టిక్ పెట్టండి. పత్రికా, మ్యాగజైనా అని అడిగితే పత్రిక అని ఎంచుకోండి, ఎందుకంటే పత్రికల జల్లెడ ముతకగా ఉంటుంది. ఆ గడి లేకపోతే 600 డీపీఐలో స్కాన్ చేసి, తర్వాత కొద్దిగా మసకబార్చి సగానికి కుదించండి. డీస్క్రీన్ అక్షరాలను కూడా మెత్తబరుస్తుంది కాబట్టి కత్తిరింపును రెండుసార్లు స్కాన్ చేయాలి, వార్తకు ఒకసారి, బొమ్మకు ఒకసారి.

పెళ్లి ఫోటో మీది తెల్ల చుక్కలు దుమ్ము కావు. ఒకప్పుడు స్టూడియోల్లో గరుకుగా, పట్టు గుడ్డలా నేత కనిపించే కాగితం మీద ఫోటోలు వేసేవారు. వేలితో మెల్లగా తడిమితే మీకే తెలుస్తుంది. స్కానర్ దీపం ఒకవైపు నుంచే వెలుగుతుంది కాబట్టి ఆ నేతలోని ప్రతి గుబ్బ ఒక పక్క మెరుస్తుంది. ప్రోగ్రామ్‌లో దుమ్ము తొలగించే గడికి టిక్ పెడితే ఆ గుబ్బలతో పాటు కంటి మెరుపు, ముక్కుపుడక కూడా తుడిచిపెట్టుకుపోతాయి. దీనికి ఓపికతో చేసే ఉపాయం ఒకటుంది. ఫోటోను ఒకసారి స్కాన్ చేసి, అద్దం మీదే తలకిందులుగా తిప్పి అదే అమరికతో మళ్లీ స్కాన్ చేయండి. కంప్యూటర్‌లో రెండో బొమ్మను నిటారుగా తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా పరచి, పై పొరను సగం పారదర్శకం చేయండి. ఒకదానిలో మెరిసిన చోట రెండోదానిలో నీడ ఉంటుంది కాబట్టి రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. పూర్తిగా పోవు, ముఖాలు మాత్రం తేటపడతాయి. ఇలాంటి కంప్యూటర్ పనిని మీ అబ్బాయికి అప్పగించినా తప్పులేదు.

ఫోటోలకు సాధారణంగా 600 డీపీఐ పెట్టండి. రెండున్నర అంగుళాలకు మూడున్నర అంగుళాలుండే చిన్న ఫోటో 600లో 1500 అడ్డం, 2100 నిలువు చుక్కలవుతుంది. దాన్ని ఐదుకు ఏడు అంగుళాల ఫోటోగా హాయిగా అచ్చు వేయించి గోడకు తగిలించవచ్చు. పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే మిగిలినవారు ఇంట్లో ఎవరైనా ఉంటే దానికి మాత్రం 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే తీయండి, ఎందుకంటే వెలిసిపోయిన పాత ఫోటోలు పచ్చబారతాయి. ఇక్కడ నోట్‌బుక్కుకు చెప్పినదానికి వ్యతిరేకంగా జరుగుతుంది: బొమ్మే పచ్చబారింది కాబట్టి, పసుపును నల్లగా చూపే నీలం పొరలోనే ముఖాలు ఎక్కువ స్పష్టంగా నిలుస్తాయి.

బాగా వెలిసిపోయిన ఫోటోకు 48 బిట్ల కలర్ ఉంటే వాడండి. ఆ ఫోటోలోని వెలుగు నీడలు 256 మెట్లలో 80 మెట్లకే కుదించుకుపోయి ఉన్నాయనుకుంటే, వాటిని తర్వాత మొత్తం మెట్ల మీదికి సాగదీసినప్పుడు మధ్యలో ఖాళీలు పడి, ఆకాశంలోనో చెంప మీదో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తాయి. 48 బిట్లలో ఒక్కో రంగుకు 65,536 మెట్లుంటాయి కాబట్టి అదే భాగానికి ఇరవై వేలకు పైగా మెట్లు దక్కుతాయి, సాగదీసినా చారలు పడవు. బాగున్న ఫోటోకు, రాతకు ఇది అనవసరం.

భాగపరిష్కార పత్రం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మీ ముత్తాతగారి కాలంనాటిదంటే, అది 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందుదే అయితే, దాని మీద ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉండవచ్చు, అక్కడక్కడా అరవం కూడా ఉండవచ్చు. సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు, హద్దులు ఉన్న అలాంటి పత్రంలో ఒక్క అంకె మారితే జరిగే గొడవ మీకు నేను చెప్పనక్కర్లేదు. అంకెను యంత్రమే మార్చగలదని చాలామంది నమ్మరు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒక పెద్ద కంపెనీ కాపీ యంత్రాలు ఇంటి ప్లానును స్కాన్ చేసినప్పుడు 17.42 ఉండాల్సిన గది విస్తీర్ణాన్ని 14.13గా చూపిస్తున్నాయని బయటపెట్టారు. కారణం, ఫైలు చిన్నదవడానికి వాడిన జేబిగ్2 అనే కుదింపు పద్ధతి. పేజీలో ఒకే పోలికతో ఉన్న గుర్తులన్నిటికీ ఒక్క నమూనానే దాచుకుని, అన్ని చోట్లా దాన్నే అతికించే వెసులుబాటు ఆ పద్ధతిలో ఉంది. 6, 8 ఒకేలా ఉన్నాయని అది అనుకుంటే ఒకదాని స్థానంలో మరొకటి, తేటగా, ఏ అనుమానం రాకుండా కూర్చుంటుంది. మసకగా ఉన్న అంకెను చూస్తే మనిషి అనుమానిస్తాడు. తేటగా ఉన్న తప్పు అంకెను అనుమానించడు. ఈ పద్ధతి బ్లాక్ అండ్ వైట్ బొమ్మలకే వాడతారు కాబట్టి, పత్రాన్ని కలర్‌లో, 400 డీపీఐలో, ముందు వెనకలు రెండూ తీసి, టిఫ్ అనే రకం ఫైలుగా, కుదించకుండా దాచండి. స్టాంపు ముద్రలు, సంతకాలు, వేలిముద్రలు ఏ రంగులో ఉన్నవి ఆ రంగులోనే ఉండాలి. మడతల దగ్గర చిరిగి ఉంటే సెల్లోటేపు అంటించకండి. ముక్కల్ని అద్దం మీద చేర్చి పరచి, పైన తెల్ల కాగితం కప్పి స్కాన్ చేయండి. ఏదైనా కార్యాలయంలో చూపించాలంటే ఈ స్కాన్‌ను నమ్ముకోకండి, అసలు పత్రం గానీ, అది రిజిస్టరైనదైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ధ్రువీకరించిన నకలు గానీ కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అన్నిటికీ మూలం టిఫ్‌లో ఉంచండి. బంధువులకు వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్, మొత్తం నోట్‌బుక్కును ఒకటిగా చదవడానికి పీడీఎఫ్ తర్వాత తయారు చేసుకోవచ్చు. జేపెగ్‌ను మార్పులు చేసి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి దాన్ని మూలంగా పెట్టుకోకూడదు. ఫైళ్ల పేర్లలో నోట్‌బుక్ సంఖ్య, పేజీ సంఖ్య ఉండాలి, పేజీకి మూడంకెల సంఖ్య ఇస్తే వరుస తప్పదు. అద్దం తుడిచేటప్పుడు నీళ్లను గుడ్డ మీద చల్లుకోవాలి గానీ అద్దం మీద చల్లకూడదు, అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. దేవుడి గదిలో ఉన్న ఫోటోలకు విభూతి, కుంకుమ పొడి అంటి ఉంటుంది, దాన్ని మెత్తటి కుంచెతో విదిలించాకే అద్దం మీద పెట్టండి. లేకపోతే అద్దం మీద పడే గీత ఆ తర్వాత తీసే ప్రతి పేజీ మీదా కనిపిస్తుంది.

స్కాన్ చేసిన పాటలు వాటంతటవే టైపు అక్షరాలుగా మారతాయా అని కొందరు అడుగుతుంటారు. అచ్చు తెలుగును చదివే ఉచిత ప్రోగ్రాములున్నాయి, టెసరాక్ట్ వాటిలో ఒకటి. 300 డీపీఐ, తిన్నగా ఉన్న పేజీ ఇస్తే పత్రిక కత్తిరింపును చాలావరకు చదువుతుంది, తప్పులు మీరు దిద్దుకోవాలి. నాన్నగారి చేతిరాతను మాత్రం దాని మీద వదలకండి, మీరే చూసి టైపు చేయాలి.

మూడు నోట్‌బుక్కుల్లో ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే, పెన్సిల్ మాయమైన ఆ పేజీనే తీసుకోండి. మూత కింద నల్ల చార్టు, 24 బిట్ల కలర్, 300 డీపీఐ, పేజీ అంచు లోపల ఎంపిక పెట్టె, రెండు కొండలకు బయట రెండు త్రికోణాలు. బొమ్మను తెర మీద పూర్తి సైజులో తెరిచి, పక్కనే అసలు పేజీ పెట్టుకుని, ఒక్కో పాట పైన రాగం పేరు చదవగలుగుతున్నారో లేదో చూడండి. ఒక్కటి చదవలేకపోయినా డీపీఐని 400 చేసి మళ్లీ తీయండి. అన్నీ చదవగలిగితే ఆ అమరికకు ఒక పేరు పెట్టి సేవ్ చేసుకుని, రెండో పేజీ తిప్పండి.